పెద్దసారు సొరుగు

జులై 2

నాన్న పోయి ఇవాళ్టికి నలభై రోజులు. రోజూ క్లినిక్ మూసి ఇంటికి రాగానే ఆయన మంచం పక్కన కూర్చుని ఆ రోజు కేసులన్నీ చెప్పేదాన్ని. ఇప్పుడు వినేవాళ్లు లేక ఇది మొదలుపెట్టాను. డైరీ కూడా కొన్నది కాదు, మందుల కంపెనీ శ్రవణ్ జనవరిలో ఇచ్చి వెళ్లినది. ప్రతి పేజీ కిందా ఒక దగ్గు మందు ప్రకటన ఉంది.

ఇవాళ ఎనభై మూడు మంది. వారం నుంచి దబీర్‌పురా సందుల్లో మురుగు పొంగుతోంది, సగం మంది వాంతులు విరేచనాలతోనే వచ్చారు. చంద్రమ్మ లేకపోతే ఈ క్లినిక్ ఒక్క పూట కూడా నడవదు. నాన్న హయాంలో ఆయాగా చేరింది, ఇరవై ఒక్క ఏళ్లయింది. నంబర్లు పిలిచేది ఆమే, బరువు చూసేది ఆమే, లొల్లి చేసేవాళ్లను బయటికి పంపేదీ ఆమే. పసిపిల్లలకు సూది వేయాలంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని, కళ్ల మీద అరచెయ్యి పెట్టి, "అగో, రైలొచ్చె, ఇను" అంటుంది. పిల్ల స్టేషన్ వైపు చెవి పెట్టేలోపు నా పని అయిపోతుంది.

శ్రవణ్ వచ్చి శాంపిళ్లు పోసి వెళ్లాడు. అవి నాన్న టేబుల్ ఎడమ సొరుగులో పడతాయి. "పెద్దసారు సొరుగు" అని చంద్రమ్మ పెట్టిన పేరు. కొనుక్కోలేని వాళ్లకు, మన అనుకున్న వాళ్లకు అందులోంచే ఇవ్వాలని నాన్న పద్ధతి. మన మనుషులకు చీటీ రాయం, సొరుగు తీస్తాం.

జులై 22

మొన్న బోనాల్లో చంద్రమ్మ సగం దారిలోనే బోనం కోడలి నెత్తికి ఎత్తిందట.

"ఆయాసమొచ్చిందమ్మా. తల్లి ఏమనుకుంటదో ఏమో" అని అదొక దిగులు.

"తల్లి సంగతి నేను మాట్లాడ్త. దగ్గు ఎన్ని రోజుల సంది?"

"గది లక్క పొగకమ్మా. ఎల్లేషు పొయ్యి ఇంట్లనే పెడ్తుండు గద."

కొడుకు ఎల్లేష్ లాడ్ బజార్ దుకాణానికి లక్క గాజులు చేసి ఇస్తాడు. కిషన్‌బాగ్‌లో ఒకటే గది. ఒక మూల బొగ్గుల పొయ్యి, ఇంకో మూల చంద్రమ్మ, తొమ్మిదేళ్ల మనవరాలు స్రవ్య గాజులకు రాళ్లు అద్దుతూ కూర్చుంటారు. చమ్కీ ఎగిరిపోతుందని ఫ్యాన్ వేయరు, కిటికీ తీయరు. ఆ పొగలో దగ్గక ఏం చేస్తుంది?

సొరుగు తీసి నారింజ రంగు గోలీల అట్ట ఒకటి ఇచ్చాను. లీవోఫ్లాక్సాసిన్, మూడు రోజులకు మూడు.

జులై 25

దగ్గు తగ్గింది. "నీ చేతిల ఏముందో గనీ, పెద్దసారు హస్తవాసి నీకే వచ్చింది" అంది చంద్రమ్మ, పదిమంది పేషెంట్లు వింటుండగా. ఎం.డి. చదివినదాన్ని, హస్తవాసి అంటే నవ్వాలి. నవ్వలేదు. మురిసిపోయాను, ఇక్కడ కూడా అబద్ధమెందుకు.

ఆగస్టు 11

నూట పన్నెండు మంది. డెంగీ. ఎవరి చేతిలో చూసినా ప్లేట్‌లెట్ల కాగితమే. మధ్యాహ్నం తిన్నానో లేదో గుర్తు లేదు.

చంద్రమ్మ మళ్లీ దగ్గుతోంది. ఈసారి అయిదు గోలీలు. స్టెతస్కోపు నా మెడలోనే ఉంది, చంద్రమ్మ నా పక్కనే ఉంది. ఇద్దరి మధ్యా నూట పన్నెండు మంది ఉన్నారు.

ఆగస్టు 14

దగ్గు లేదు.

ఆగస్టు 30

పిల్లల బరువు చూసే మిషన్ పాడైందని పెద్దవాళ్ల మిషన్ మీద చంద్రమ్మే పిల్లను ఎత్తుకుని నిలబడింది. ముందు తన బరువు, తర్వాత ఇద్దరిదీ. తనది నలభై ఒకటి. పోయినేడు యాభై దాటి ఉండేది, లావెక్కుతున్నావని నేనే ఆటపట్టించేదాన్ని.

"ఏంది చంద్రమ్మా, గిట్ల చిక్కినవ్?"

"శ్రావణమాసం గద, ఒక్క పొద్దులుంటున్న."

మనిషి కళ్లలోకి చూసి నవ్వుతుంది. నమ్మకుండా ఎలా ఉండాలి? శ్రావణం వెళ్లి వారమైంది.

ఎక్స్‌రే తీయించాలి. సోమవారం.

సెప్టెంబరు 14

వైద్యుల సంఘంలో నా ప్రసంగం. యాంటీబయాటిక్‌ల దుర్వినియోగం. శాలువా కప్పారు, ఇదే మొదటిసారి. నాన్న ఉంటే బాగుండేది.

చప్పట్లు పడిన మాట ఇది, గుర్తుకోసం రాసుకుంటున్నాను: "దగ్గుతున్న మనిషికి పరీక్ష చేయకుండా లీవోఫ్లాక్సాసిన్ ఇస్తే టీబీ నాలుగు రోజులు దాక్కుంటుంది. చావదు. మందుకు అలవాటు పడి తిరిగొస్తుంది. మన బస్తీల్లో ఆర్‌ఎంపీలు చేస్తున్నది ఇదే."

అభిజ్ఞ ముందు వరుసలో కూర్చుని రాసుకుంది. అయిదేళ్ల కిందట మా క్లినిక్‌లో మూడు నెలలు కూర్చుని పని నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు సర్కారు దవాఖానలో మొండి టీబీ వార్డు చూస్తోంది. కాళ్లకు దండం పెట్టబోతే వద్దన్నాను. "మేడం, నేనేది చేసినా మీరు నేర్పిందే" అంది.

సెప్టెంబరు 15

చంద్రమ్మకు అయిదు గోలీలు. ఇవాళ ఒక్కసారికే. పొద్దున జనం మరీ ఎక్కువగా ఉన్నారు. దసరా కాగానే ఎక్స్‌రే.

సెప్టెంబరు 16

ఆర్‌ఎంపీ ఇవ్వడం వేరు, నేను ఇవ్వడం వేరు. నాకు మనిషి తెలుసు, ఇల్లు తెలుసు, పొగ తెలుసు.

అక్టోబరు 6

ఏడు నెలల బాబుకు టీకా. చంద్రమ్మ ఒళ్లో పెట్టుకుంది, కళ్ల మీద చెయ్యి పెట్టింది. "అగో, రైలు" అనబోయి దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. నేను టీకా వేసి, ఎంతకీ రాకపోయేసరికి వెనక్కి వెళ్లాను. నల్లా దగ్గర కొంగు ఉతుక్కుంటోంది. నీళ్లు ఎర్రగా పోతున్నాయి.

"ఎన్ని రోజుల సంది?"

"వారమైతుందేమో. నీకు ఇప్పటికే మస్తు పరేషాన్లున్నయి, ఇంక నాదొకటెందుకని..."

అప్పటికప్పుడు ఆటోలో తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాను. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో రూపాయి బిళ్లంత గుంట, దాని చుట్టూ తెలుపు. కుడి పక్క కూడా మొదలైంది. దీపం కింద చీకటి అని నలుగురికీ చెప్పేదాన్ని.

అక్టోబరు 8

తెమడ పరీక్ష వచ్చింది. టీబీ. మామూలు టీబీ కాదు, మొదటి వరుసలో ముఖ్యమైన మందు పనిచేయని రకం. అది నావల్ల వచ్చింది కాదు. ఎక్కడో, ఎవరి దగ్గరో అంటుకుంది. మా క్లినిక్ బెంచీ మీదే అయి ఉండవచ్చు. కానీ నావల్ల కాదు.

అక్టోబరు 9

అభిజ్ఞ వార్డుకు పంపడానికి ఫారం నింపాను. పేరు, చిరునామా, బరువు, ఎక్స్‌రే. కింద ఒక గడి: "గత ఆరు నెలల్లో వాడిన యాంటీబయాటిక్‌లు, ఎన్ని రోజులు, ఎవరు ఇచ్చారు."

"వివరాలు లేవు" అని రాశాను.

అబద్ధం కాదు. వివరాలు నిజంగానే లేవు. చీటీ లేదు, కేస్ షీట్ లేదు. ఇరవై ఒక్క ఏళ్లలో చంద్రమ్మకు కేస్ షీట్ అన్నదే లేదు.

రెండో వరుస మందులు ఏవి పనిచేస్తాయో తేల్చే పరీక్ష ఎలాగూ ఉంది. అది రావడానికి నెల పడుతుందట. వస్తుంది కదా.

అక్టోబరు 13

చంద్రమ్మను చేర్చుకున్నారు. క్లినిక్‌కు వచ్చిన ముసలాయన ఒకరు గుమ్మంలోనే అడిగాడు: "డాక్టర్ సాబా, చంద్రమ్మ కైకు నై ఆరీ?" తబియత్ బాగా లేక రావడం లేదని చెప్పాను. ఏమైందని అడగలేదు, దువా చేస్తానన్నాడు.

దగ్గు బయటపడకముందు నెలలు కూడా కలిపి, మార్చి నుంచి చంద్రమ్మ ఒళ్లో కూర్చున్న పసిపిల్లల పేర్లు టీకాల రిజిస్టరులోంచి తీసి రాశాను. నూట నలభై. ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఎవరివల్ల అంటుకునే ప్రమాదం ఉందో చెప్పకుండా "ఒకసారి తెచ్చి చూపించండి" అన్నాను. ఇరవై ముగ్గురికి చేశాను. మిగతావి రేపు.

అక్టోబరు 19

వార్డుకు వెళ్లాను. రోజూ వేసుకునే మందులన్నీ చంద్రమ్మ దోసిట్లో పోసి చూపించింది. పది దాకా ఉన్నాయి. వాటిలో ఒకటి నారింజ రంగు.

"గిది మన సొరుగు గోలీ గద అమ్మా? ఇక ఫికరు లేదు."

నేను తల ఊపాను. ఆ మందే అక్కడి చికిత్సకు వెన్నెముక. ఆమె ఒంట్లోని టీబీకి అది మూడు దఫాలుగా అలవాటైన మందు. ఇంకా పనిచేస్తుందేమో, మొత్తం కలిపి పదమూడు గోలీలే కదా. పదమూడు గోలీలకు అంత నిరోధం రాదు. కొన్నిసార్లు రాదు.

అభిజ్ఞ పక్కనుంచే నడిచి వెళ్లింది. పిలిస్తే పలికేది.

అక్టోబరు 20

రేపు ఫోన్ చేసి చెప్తాను.

అక్టోబరు 21

పండగ. పండగ పూట ఏం చెప్తాం.

అక్టోబరు 27

చేశాను. లైన్ కలిసింది. "చెప్పండి మేడం" అంది. చంద్రమ్మకు అన్నం సయిస్తోందా అని అడిగి పెట్టేశాను.

నవంబరు 2

బరువు ముప్పై ఏడు. జ్వరం తగ్గడం లేదు. మందులు మొదలుపెట్టి మూడు వారాలైంది, తగ్గాలి.

నవంబరు 3

రేపు.

నవంబరు 4

రేపు.

నవంబరు 11

అభిజ్ఞే ఫోన్ చేసింది. రిపోర్టు వచ్చింది. నారింజ రంగు గోలీ కూడా పనిచేయదు.

"మేడం, ముందే తెలిసుంటే మొదటి రోజే వేరే మందులు పెట్టేవాళ్లం. నెల పోయింది. కుడి లంగ్ కూడా బాగా దెబ్బతిన్నది. ఈమెకు ఎవరో ఇదివరకే ఇచ్చారు, కొద్ది కొద్దిగా, చాలాసార్లు. అడిగితే చెప్పడం లేదు. 'మా డాక్టరమ్మ తప్ప నాకెవ్వరూ ఇయ్యలే' అంటోంది. ఎవరినో కాపాడుతున్నట్టుంది. మీ గల్లీలో ఆర్‌ఎంపీ ఎవరైనా ఉన్నారా?"

"ఉంటరు అభిజ్ఞా, గసుంటోళ్లు" అన్నాను.

ఈ వాక్యం నా నోటి నుంచి వచ్చిందని ఇక్కడ రాస్తున్నాను. చంద్రమ్మ నిజం చెప్పింది. ఆ పిల్ల నమ్మలేదు, నామీద అంత గౌరవం మరి. నేను అబద్ధం చెప్పాను, వెంటనే నమ్మింది. సిగ్గుతో చచ్చిపోవాలి. చచ్చిపోలేదు, సాయంత్రం అరవై మందిని చూశాను.

నవంబరు 19

మందులు మార్చారు. చంద్రమ్మ కూర్చోలేకపోతోంది. ముక్కుకు గొట్టం. నేను మాస్కు కట్టుకుని పక్కన కూర్చుంటే చేత్తో దగ్గరికి రమ్మంది.

"గీ దవాఖాన మందులు నాకు పడ్తలేవమ్మా. నీ చేతితోని ఒక్క గోలీ ఇయ్యరాదు? నీదైతే మూడు గోలీలకే లేసి తిరుగుతుంటి."

చెప్పేద్దామనే వెళ్లాను. "చంద్రమ్మా, ఆ గోలీలే..." అన్నాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది, అరచెయ్యి నా చేతి మీద పెట్టింది. ఆ చెయ్యి ఎంత తేలికగా ఉందంటే, ఆమె ఎత్తుకున్న ఏ పసిపిల్ల చెయ్యి అయినా దానికంటే బరువుంటుంది. మిగతా మాట చెప్పకుండానే ఆ చెయ్యి దుప్పటి కింద పెట్టి లేచి వచ్చేశాను.

నవంబరు 28

చంద్రమ్మ పోయింది. పొద్దున ఏడింటికి.

నవంబరు 29

క్లినిక్ మూశాను.

డిసెంబరు 9

ఎల్లేష్ వచ్చాడు, స్రవ్యను వెంటబెట్టుకుని. వాళ్లమ్మ దగ్గరుండే క్లినిక్ తాళంచెవి టేబుల్ మీద పెట్టాడు. దాని పక్కన ఒక చిన్న స్టీలు డబ్బా పెట్టాడు.

"అమ్మ పెట్టెల దొరికింది. మీవే అనుకుంట."

మూత తీశాను. నారింజ రంగు గోలీలు. పూర్తివి అయిదు, సగానికి విరిచినవి మూడు. అంటే నేనిచ్చిన పదమూడు కూడా పూర్తిగా వేసుకోలేదు.

"తక్కువైనంక ఆపేస్తుండె. గిసుంటి మందు పారెయ్యొద్దు, అక్కరకొస్తదని దాచింది" అన్నాడు ఎల్లేష్. తర్వాత కొంచెం మొహమాటంగా అన్నాడు: "పిల్లకు మూడు వారాల సంది దగ్గు. అమ్మ దవాఖానకు పోకముందే జెప్పింది, డాక్టరమ్మ చేతి మందు, దగ్గితే సగం సగం ఎయ్యమని. నాలుగు దినాలు ఏసినం. జర తక్కువైంది, మళ్లీ లేసింది. ఇంకా ఎయ్యాల్నా అమ్మా?"

దవాఖానవాళ్లు ఇంటికొచ్చి అందరినీ పరీక్షకు రమ్మన్నారట. అమ్మ కర్మల్లో ఉండి వెళ్లలేదట. ఇవన్నీ తలవంచుకుని చెబుతున్నాడు, తప్పంతా తనదే అన్నట్టు.

ఎదురుగా స్రవ్య నిలబడి ఉంది. మోచేతుల దాకా చమ్కీ మరకలు. భుజం ఎముకలు గౌనులోంచి కనిపిస్తున్నాయి. కొంగు లేదు కనుక అరచేతిలోకి దగ్గుతోంది.

"ఎల్లేషూ, కూసో" అన్నాను. కూర్చోలేదు. "మీ అమ్మకు ఈ గోలీలు ఇచ్చింది నేనే. పరీక్ష చెయ్యకుండ ఇచ్చిన. వాటివల్లనే రోగం ముదిరింది. దవాఖానల కూడా గీ ముచ్చట దాసిపెట్టిన. నేను చెప్పి ఉంటే మొదటి రోజే వేరే మందులు ఇస్తుండె. నెల దినాలు ఉత్తగ పోయినయి."

తిడతాడనుకున్నాను. కొట్టినా ఊరుకునేదాన్ని. లక్క కాలిన మచ్చలున్న చెయ్యి పిల్ల తలమీద పెట్టి అడిగాడు:

"మరి గిప్పుడు పిల్లను మీరే చూస్తరా, ఇంకో దవాఖానకు పోవాల్నా?"

"ఇద్దరం చూస్తం" అని అభిజ్ఞకు ఫోన్ చేశాను. ఎల్లేష్ వింటుండగానే చెప్పాను. ఆర్‌ఎంపీ ఎవరూ లేరు, నేనే అని. "ఫారంలో రాయండి మేడం" అంది అభిజ్ఞ. ఈసారి ఆ గొంతులో గౌరవం లేదు, పని మాత్రమే ఉంది.

రాశాను. పేరు స్రవ్య. వయసు తొమ్మిది. ఇంట్లో టీబీ రోగి: నాయినమ్మ, మరణించారు. గత ఆరు నెలల్లో వాడిన యాంటీబయాటిక్‌లు: లీవోఫ్లాక్సాసిన్, సగం గోలీ చొప్పున నాలుగు రోజులు. ఎవరు ఇచ్చారు అన్న గడిలో నా పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు రాసి ముద్ర వేశాను.

చంద్రమ్మకు కూడా ఒక కేస్ షీట్ తెరిచాను. జులై నుంచి తేదీలు వేసి అన్నీ రాశాను. వయసు దగ్గర ఆగిపోయాను. ఎల్లేష్‌నే అడగాల్సి వచ్చింది. యాభై ఆరు అన్నాడు. నాకంటే నాలుగేళ్లే పెద్ద. ఆమె ఇంకా ముసలిదనుకున్నాను.

ఎక్స్‌రేకు చీటీ రాశాను. అభిజ్ఞ చెప్పినట్టు ముంజేతికి చర్మం కింద వేసే టీబీ సూది తీశాను. అది వేసి రెండు రోజుల తర్వాత వాపు కొలవాలి. పది మిల్లీమీటర్లు దాటితే క్రిమి లోపలికి చేరినట్టే.

పిల్లను పట్టుకునేవాళ్లు లేరు. ఎల్లేష్ ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు గానీ ఎలా పట్టుకోవాలో అతనికి తెలియలేదు. సూది నా చేతిలోనే ఉంది. ఇరవై ఆరేళ్లుగా సూది వేస్తున్న చెయ్యి. స్రవ్య ఆ చేతి వైపే చూసింది. తర్వాత తనంతట తనే అరచెయ్యి ఎత్తి కళ్లు మూసుకుంది.

"ఎయ్యి డాక్టరమ్మా. నీ చేతికి నొప్పి తెల్వదని నాయినమ్మ జెప్పింది."

వేశాను. పిల్ల ఏడవలేదు. సొరుగులో ఉన్న శాంపిళ్లన్నీ డబ్బాతో సహా సంచిలో కట్టి, ఆస్పత్రి చెత్త తీసుకెళ్లే వ్యానుకు వేశాను. టీకాల రిజిస్టరులో ఫోన్ చేయకుండా మిగిలిన నూట పదిహేడు మందికీ, ముందు కారణం చెప్పని ఇరవై ముగ్గురికీ, కారణం చెప్పి ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. నాలుగో ఆమె తిట్టి పెట్టేసింది. అయిదో ఆమె ఏడ్చింది.

డిసెంబరు 11

పద్దెనిమిది మిల్లీమీటర్లు. స్కేలు రెండుసార్లు పెట్టి చూశాను.